అయోర్టిక్ వాల్వ్‌కు చిన్న కోతా, టావీనా? తర్వాత వచ్చే చిక్కుల్ని చూసి తేల్చుకోండి

ఇంట్లో పెద్దవాళ్ళకి ఎకో తీసి "సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్" అని రాసిచ్చిన రోజు నుంచి చుట్టాలందరూ అడిగేవి మూడే ప్రశ్నలు: కోత ఎంత ఉంటుంది, ఆస్పత్రిలో ఎన్నాళ్ళుంచుతారు, ఎంతవుతుంది. మూడూ అడగాల్సినవే, కాదనను. కానీ కోత నెలా రెండు నెలల్లో మానిపోతుంది, లోపల పెట్టిన వాల్వ్‌తో మాత్రం పదేళ్ళో ఇరవై ఏళ్ళో కాపురం చేయాలి. అందుకే నన్నడిగితే ఇంకో మూడు ప్రశ్నలు అడగమంటాను: ఈ పద్ధతిలో తర్వాత ఏం తేడా రావచ్చు, వస్తే ఎలా సరిచేస్తారు, ఆ సరిచేసే దారి మన మనిషి విషయంలో తెరిచే ఉంటుందా లేదా. కింద రాసిందంతా ఆ లెక్కలోనే.

అయోర్టిక్ వాల్వ్ అంటే గుండె నుంచి బృహద్ధమనిలోకి రక్తం వెళ్ళే చోట ఉండే కవాటం. వయసు మీదపడ్డాక దాని రెక్కల మీద సున్నం పేరుకుని అవి బిగుసుకుపోతాయి. ఆయాసం, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండటం, కళ్ళు తిరిగి పడిపోవడం దీని గుర్తులు. ఎకో రిపోర్టులో వాల్వ్ వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు లోపు, మీన్ గ్రేడియంట్ (వాల్వ్‌కి ఇటూ అటూ ఉన్న ఒత్తిడి తేడా) 40 పైన ఉంటే తీవ్రంగా ఉందని అర్థం. ఏ మందూ ఆ సున్నాన్ని కరిగించదు, ఆయుర్వేదమైనా అల్లోపతి అయినా. లక్షణాలు మొదలయ్యాక వాల్వ్ మార్చాల్సిందే, వాయిదా వేస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అసలు తేడా ఎక్కడుంది

"పెద్ద కోత లేకుండా చేస్తాం" అని డాక్టరు గారు అన్నారంటే అది రెండింటిలో ఏదైనా కావచ్చు, ఇక్కడే సగం మంది తికమక పడతారు. మొదటిది మినీ సర్జరీ. రొమ్ము ఎముకను పైభాగం వరకే కోసో, కుడి పక్కటెముకల మధ్య నుంచో లోపలికి వెళ్తారు. కోత చిన్నదే గానీ లోపల జరిగేది పూర్తి గుండె ఆపరేషనే, గుండె, ఊపిరితిత్తుల పని తాను చేసే హార్ట్ లంగ్ మెషీన్ మీద పెట్టి, గుండెను ఆపి, పాత వాల్వ్‌ను కోసి తీసేసి, సున్నం గీకి శుభ్రం చేసి, కొత్తది కుట్టేస్తారు. రెండోది టావీ, కొన్నిచోట్ల టావర్ అంటారు. ఇందులో ఛాతీని ముట్టుకోరు, తొడ దగ్గరి రక్తనాళంలోంచి ముడిచిన వాల్వ్‌ను పైకి పంపి పాతదాని మధ్యలో విచ్చుకునేలా చేస్తారు. ఫ్రాన్స్‌లోని రూఆన్‌లో అలాన్ క్రిబియే 2002లో మొదటిసారి చేసింది ఇదే.

అంటే సర్జరీలో పాత వాల్వ్ బయటికి వచ్చేస్తుంది, టావీలో అది గోడకు నొక్కుకుని లోపలే ఉండిపోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే టావీ తర్వాత వచ్చే చిక్కులు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

టావీ తర్వాత ఏమొస్తాయి

మొదటిది పక్క నుంచి లీక్. పాత రెక్కల మీది సున్నం ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొత్త వాల్వ్ చట్రం విచ్చుకుని దానికి ఆనుకున్నప్పుడు అక్కడక్కడ సందు మిగిలిపోతుంది, గుమ్మం చట్రానికీ గోడకీ మధ్య సిమెంటు సరిగా పడనట్టు. రిపోర్టులో "పారావాల్వులర్ లీక్, మైల్డ్" అని కనబడగానే ఇంటిల్లిపాదీ టెన్షన్ పడిపోతారు. మైల్డ్ అనేది చాలామందికి ఉంటుంది. ఆపరేషన్ రిస్కు తక్కువ ఉన్నవాళ్ళలో టావీనీ సర్జరీనీ పోల్చిన పార్ట్‌నర్ 3 అధ్యయనంలో ఐదేళ్ళ తర్వాత చూస్తే టావీ వాళ్ళలో వందకి 21 మందికి మైల్డ్ లేదా అంతకు మించిన లీక్ ఉంది, సర్జరీ వాళ్ళలో వందకి ముగ్గురికే. చాలామంది దానితోనే బాగానే తిరుగుతున్నారు. మోడరేట్ అయితే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు, గుండె ఎడమ గది పెద్దదవుతూ ఆయాసం మళ్ళీ మొదలవుతుంది. ఇంకో రకం లీక్ ఉంది, చూడ్డానికి చిన్నదే అయినా రక్తం ఆ సన్నటి సందులోంచి ఒత్తిడితో దూసుకుపోయి ఎర్రకణాలు పగిలిపోతాయి. రక్తం తగ్గడం, కళ్ళు పచ్చబడటం, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం దాని గుర్తులు. కామెర్లనుకుని పసరు మందు పోయించడానికి బయల్దేరకండి, వాల్వ్ ఉన్న మనిషికి మూత్రం ముదురుగా వస్తుంటే ముందు కార్డియాలజిస్టుకి చెప్పండి.

రెండోది పేస్‌మేకర్. గుండెలో కరెంటు వెళ్ళే దారి సరిగ్గా అయోర్టిక్ వాల్వ్ కింద నుంచే పోతుంది. చట్రం దాన్ని నొక్కితే గుండె వేగం పడిపోతుంది. ఏ వాల్వ్ పెట్టారన్నదాన్ని బట్టి ఈ రిస్కు మారుతుంది. 2019లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో, బెలూన్‌తో విచ్చుకునే వాల్వ్‌కు నెలలోపు పేస్‌మేకర్ వందకి ఆరేడుగురికి పడింది, తనంతట తానే విచ్చుకునే రకానికి వందకి 17 మందికి. ఆ తర్వాత పెట్టే పద్ధతి మెరుగై రెండో సంఖ్య తగ్గింది గానీ తేడా పూర్తిగా పోలేదు. మీ నాన్నగారి పాత ఈసీజీలో "రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్" అని ఉంటే ఆ రిస్కు ఇంకా ఎక్కువ, ఆ కాగితం తీసి ముందే చూపించండి. ఇంకో మాట, టావీ తర్వాత గుండె వేగం పడిపోయే ఈ సమస్య ఒక్కోసారి ఇంటికొచ్చాక వస్తుంది. మొదటి రెండు వారాల్లో కళ్ళు బైర్లు కమ్మినా, ఒక్కసారిగా తూలిపడినా "నీరసం, కొబ్బరినీళ్ళు తాగితే సర్దుకుంటుంది" అనుకోవద్దు, అదే గంటలో ఈసీజీ తీయించాలి.

మూడోది రెక్కల మీద రక్తం గడ్డకట్టడం. ఇది చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు, సీటీలో మాత్రం రెక్కలు మందంగా కనిపిస్తాయి. కొందరికి ఎకోలో గ్రేడియంట్ పెరుగుతుంది. పార్ట్‌నర్ 3లో ఐదేళ్ళలో వాల్వ్‌లో గడ్డకట్టడం టావీ వాళ్ళలో వందకి రెండున్నర, సర్జరీ వాళ్ళలో దాదాపు లేదనే చెప్పాలి. అదృష్టం ఏంటంటే చాలామందికి కొన్ని నెలలు రక్తం పలచబడే మందు వాడితే తగ్గిపోతుంది.

ఇక నాలుగోది గురించి ఆపరేషన్ ముందు ఎవరూ అడగరు. మళ్ళీ యాంజియో అవసరమైతే? గుండె రక్తనాళాలు మొదలయ్యేది వాల్వ్‌కి పక్కనే. పొడవాటి చట్రం ఉన్న వాల్వ్ పెట్టాక ఆ ద్వారాలు చట్రం వెనక్కి వెళ్ళిపోతాయి, రేపు హార్ట్ ఎటాక్ వచ్చి స్టెంట్ వేయాలంటే క్యాథెటర్ దూర్చడమే కష్టం. షుగర్ ఉండి, ఇప్పటికే ఒకటి రెండు బ్లాకులు ఉన్నవాళ్ళు మన దగ్గర ఎంతమందో మీకు తెలిసిందే. పొట్టి చట్రమా పొడవు చట్రమా అన్నది వాళ్ళకి చాలా పెద్ద విషయం.

చిన్న కోత సర్జరీ తర్వాత ఏమొస్తాయి

లీక్, పేస్‌మేకర్ తక్కువ. కానీ హార్ట్ లంగ్ మెషీన్ మీద పెట్టిన ఆపరేషన్ కాబట్టి మొదటి నెల భారం దీనిదే. పార్ట్‌నర్ 3లో సర్జరీ అయిన మొదటి నెలలో గుండె లయ తప్పడం, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, కొత్తగా వందకి 40 మందికి వచ్చింది, టావీలో ఐదుగురికి. ఎక్కువమందికి అది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. రక్తస్రావం, కిడ్నీ దెబ్బతినడం కూడా సర్జరీ వైపే ఎక్కువ. ఐదేళ్ళకొచ్చేసరికి మరణాల్లో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, టావీలో వందకి 10, సర్జరీలో 8. ఆ అధ్యయనంలో ఉన్నది అరవై ఐదు దాటినవాళ్ళు, సగటున 73 ఏళ్ళ వయసువాళ్ళు, పైగా మూడు రెక్కల వాల్వ్ ఉన్నవాళ్ళే. యాభై ఐదేళ్ళ మనిషికి ఆ అంకెలు చూపించి "రెండూ ఒకటే" అని ఎవరైనా అంటే నమ్మకండి.

మినీ సర్జరీకీ మామూలు పెద్ద కోత సర్జరీకీ వాల్వ్ విషయంలో తేడా దాదాపు లేదు. నొప్పి కొంచెం తక్కువ, మచ్చ చిన్నది, నడక తొందరగా వస్తుంది. ఎముక పైభాగం కోసినా ఎముక ఎముకే, అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అందాకా బిందె ఎత్తకూడదు, బండి నడపకూడదు. అందుకని చిన్న కోత కోసం సర్జన్‌ని బలవంతపెట్టడం అనవసరం, కారణం కింద చెప్తాను.

సర్జరీలో చాలామంది పట్టించుకోని చిక్కు ఏంటంటే చిన్న సైజు వాల్వ్. మనవాళ్ళలో, ముఖ్యంగా పొట్టిగా సన్నగా ఉండే ఆడవాళ్ళలో, వాల్వ్ రింగు, అంటే వాల్వ్ కూర్చునే చోటు, చిన్నగా ఉంటుంది. అందులో 19 నంబరో 21 నంబరో వాల్వ్ పెడితే కొత్త వాల్వ్ అయినా మనిషి ఒంటికి చాలదు, ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే గ్రేడియంట్ ఎక్కువ చూపిస్తుంది, ఆయాసం సగమే తగ్గుతుంది. అసలు దెబ్బ పదేళ్ళ తర్వాత పడుతుంది, ఆ 21 నంబరు వాల్వ్ పాడైనప్పుడు దాని లోపలికి టావీ పెట్టాలంటే చోటు చాలకపోవచ్చు. దీనికి సర్జన్ల దగ్గర మందుంది, రింగును కోసి అతుకు వేసి పెద్దది చేయడం, రూట్ ఎన్‌లార్జ్‌మెంట్ అంటారు. చిన్న కోతలోంచి అది చేయడం కష్టం. అందుకే, అరవై ఏళ్ళ మనిషికి రింగు చిన్నగా ఉందని సీటీలో తేలితే నేనైతే కోత పెద్దదైనా ఫర్వాలేదు, వాల్వ్ పెద్దది పెట్టండి అంటాను. చిన్న రింగు ఉండి వయసు డెబ్బై అయిదు దాటినవాళ్ళకి లెక్క వేరు, వాళ్ళకి తనంతట తాను విచ్చుకునే టావీ వాల్వ్ ద్వారా బెలూన్ రకం కన్నా రక్తం బాగా సాగుతుందని 2024లో స్మార్ట్ అనే అధ్యయనంలో తేలింది, అందులో ఉన్నవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళే.

లోహం వాల్వా, టిష్యూ వాల్వా

సర్జరీ అనుకున్నాక వచ్చే ప్రశ్న ఇది. టావీలో ఈ ఎంపికే లేదు, అవన్నీ టిష్యూవే. టిష్యూ వాల్వ్ పదీ పదిహేనేళ్ళు వస్తుంది, వయసు తక్కువైతే ఇంకా ముందే అరుగుతుంది. లోహం వాల్వ్ అరగదు, కానీ రక్తం పలచబడే మందు, అసిట్రోమ్ లేదా వార్ఫరిన్, రోజూ వేసుకోవాలి, జీవితాంతం. రక్తం ఎంత పలచబడిందో చూపే టెస్టు అంకె ఐఎన్ఆర్. అయోర్టిక్ స్థానంలో దాన్ని మామూలుగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. కొత్తగా వచ్చిన, టెస్టు అక్కర్లేని రక్తం పలచన మందులు లోహం వాల్వ్‌కి పనికిరావు, వాటిలో రెండింటితో చేసిన అధ్యయనాలు గడ్డలు కడుతున్నాయని మధ్యలోనే ఆపేశారు. మెడికల్ షాపువాడు "ఇది కొత్త మందు సార్, టెస్టు గోల ఉండదు" అంటే వినకండి.

లోహం వాల్వ్ ఉన్న ఇంట్లో గోడ క్యాలెండర్ చూస్తే చాలు, పరిస్థితి తెలిసిపోతుంది. సోమ బుధ శుక్ర 3, మిగతా రోజులు 2 అని ఎర్ర పెన్నుతో రాసి ఉంటుంది, కింద ఐఎన్ఆర్ 2.4, ఇంకో నెలలో 4.1 అని రాసి చుట్టూ గీత. ఆ 4.1 ఎందుకొచ్చిందా అని ఆరా తీస్తే మధ్యలో విరేచనాలకి మెట్రోనిడజోల్ వేసుకున్నారనో, తామరకి ఫ్లుకొనజోల్ వాడారనో తేలుతుంది. ఆకుకూరలు మానేయమని చాలామంది భయపెడతారు, మానక్కర్లేదు. తోటకూర, పాలకూర, మునగాకు ఏదైనా ప్రతి వారం దాదాపు ఒకే లెక్కలో తింటే మాత్ర డోసు దానికి తగ్గట్టే కుదురుతుంది. శ్రావణ మాసంలో ఒక్కసారిగా రోజూ ఆకుకూరే వండుకుని తర్వాత మానేస్తే అప్పుడు అంకెలు ఎగుడుదిగుడవుతాయి. ఒళ్ళు నొప్పులకి ఆర్ఎంపీ దగ్గర కండలోకి డైక్లోఫినాక్ సూది వేయించుకోవడం మాత్రం అస్సలు వద్దు, కండలోకి రక్తం కారి పేరుకుని కాలు వాచిపోతుంది, కడుపులో రక్తస్రావం అయితే ఇంకా ప్రమాదం.

మామూలు సలహా ఏంటంటే యాభై లోపు లోహం, అరవై ఐదు పైన టిష్యూ, మధ్యలో మాట్లాడుకుని తేల్చుకోవాలి. దీనికి నేను ఇంకొకటి కలుపుతాను: మీ ఊళ్ళో ఐఎన్ఆర్ ఎక్కడ చేస్తారు? మండల కేంద్రంలో ల్యాబు లేకపోతే, ప్రతి నెలా జిల్లా కేంద్రానికి బస్సెక్కాలంటే, ఆరు నెలలు చేయించి మానేసేవాళ్ళే ఎక్కువ. టెస్టూ మందూ మానేస్తే లోహం వాల్వ్ గడ్డకట్టి ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. ఆ వాల్వ్ రాత్రి నిశ్శబ్దంలో టిక్ టిక్ అని వినిపిస్తుంది, పక్కన పడుకున్నవాళ్ళకి కూడా అలవాటైపోతుంది. ఆ శబ్దం మందగించి ఆయాసం వచ్చిందంటే తెల్లారేదాకా ఆగకూడదు.

ఇక పిల్లలు కావాలనుకునే అమ్మాయిలకి లోహం వాల్వ్ పెట్టేముందు చాలా ఆలోచించాలి. వార్ఫరిన్ జాతి మందులు గర్భంలో బిడ్డకి హాని చేస్తాయి, మాన్పిస్తే తల్లికి వాల్వ్ గడ్డకడుతుంది. మన రాష్ట్రాల్లో కీళ్ళవాతం జ్వరం వల్ల పాతికేళ్ళకే వాల్వ్ పాడైన ఆడపిల్లలు ఉన్నారు, వాళ్ళ విషయంలో పెళ్ళి, పిల్లల సంగతి సర్జన్‌తో మొహమాటం లేకుండా మాట్లాడాలి. టిష్యూ వాల్వ్ పెట్టి, అది తొందరగా అరుగుతుందని, ఇంకో ఆపరేషన్ తప్పదని తెలిసే ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు, అది తెలివితక్కువ పని కాదు.

మరి ఎవరికి ఏది

వయసు ఎనభై దాటితే టావీ, పెద్దగా వాదన లేదు. అరవై ఐదు లోపు, వేరే జబ్బులు లేకపోతే సర్జరీ. మధ్యలో ఉన్నవాళ్ళదే గొడవ. అమెరికా గైడ్‌లైన్స్ 65 నుంచి 80 మధ్య డాక్టరూ రోగీ కూర్చుని తేల్చుకోమంటాయి, యూరప్ వాళ్ళు 2021లో 75 దాటితే టావీ అని గీత గీశారు, 2025లో దాన్ని 70కి దించారు. వయసు అంటే ఆధార్ కార్డులో ఉన్న వయసే కాదు, రోజూ పొలం వెళ్ళొచ్చే డెబ్బై రెండేళ్ళ మనిషీ, డయాలసిస్ మీదున్న అరవై ఆరేళ్ళ మనిషీ ఒకటి కాదు.

వయసుతో సంబంధం లేకుండా సర్జరీ వైపు తిప్పే విషయాలు కొన్ని ఉన్నాయి. పుట్టుకతోనే వాల్వ్‌కి మూడు బదులు రెండు రెక్కలుండటం, బైకస్పిడ్ అంటారు, వందలో ఒకరిద్దరికి ఉంటుంది. డెబ్బై అయిదు లోపు వాళ్ళ మీద చేసిన నోషన్ 2 అధ్యయనంలో, 2024, ఏడాది లోపు మరణం, పక్షవాతం లేదా మళ్ళీ ఆస్పత్రి పాలవడం అన్నీ కలిపి చూస్తే బైకస్పిడ్ ఉన్నవాళ్ళకి టావీలో వందకి 14, సర్జరీలో వందకి నలుగురు. వాళ్ళు వందమందే కాబట్టి అదే తుది తీర్పు అనలేం, కానీ ఆ అంకె చూశాక అరవై ఏళ్ళ బైకస్పిడ్ మనిషికి టావీ చేయించడానికి నాకైతే ధైర్యం చాలదు. పైగా బైకస్పిడ్ వాళ్ళకి బృహద్ధమని కూడా ఉబ్బుతుంది. అది నాలుగున్నర సెంటీమీటర్లు దాటితే వాల్వ్‌తో పాటు దాన్ని కూడా మార్చడం మంచిదంటారు, టావీతో అది కుదరని పని. కీళ్ళవాతం వల్ల పాడైన వాల్వ్, గుండెలోనే ఉండే మైట్రల్ అనే ఇంకో వాల్వ్ కూడా పాడవడం, మూడు నాళాల్లో బ్లాకులుండి బైపాస్ కూడా కావాల్సి రావడం, ఇవన్నీ సర్జరీ వైపే.

టావీ వైపు తిప్పేవి: ఇంతకుముందే ఛాతీ తెరిచి బైపాస్ అయి ఉండటం, ఛాతీకి రేడియేషన్ ఇచ్చి ఉండటం, ఊపిరితిత్తులు బాగా దెబ్బతినడం, లివర్ సిరోసిస్, మంచం దిగడమే కష్టమైన స్థితి.

వాల్వ్ తేడా చేశాక

సర్జరీలో పెట్టిన టిష్యూ వాల్వ్ పాడైతే దాని లోపలికే టావీ పెట్టొచ్చు. వాల్వ్ ఇన్ వాల్వ్ అంటారు, పాతది 23 నంబరు అంతకు మించి ఉంటే చాలామందికి బాగానే పనిచేస్తుంది. 21 గానీ అంతకంటే చిన్నది గానీ అయితే మళ్ళీ సర్జరీ సంగతి గట్టిగా ఆలోచించాలి, మనిషి తట్టుకోగలిగితే. లోహం వాల్వ్ లోపలికి టావీ పెట్టడం కుదరదు, అది పాడైతే సర్జరీ ఒక్కటే దారి.

టావీ వాల్వే పాడైతే? దాని లోపలికి ఇంకో టావీ. చెప్పడానికి బాగుంటుంది, కానీ సీటీలో కొలిచి చూస్తే కొంతమందికి రెండో వాల్వ్ మొదటిదాని రెక్కల్ని పైకి నొక్కి గుండె నాళాల ద్వారాలు మూసేస్తుందని తేలుతుంది. అప్పుడు ఛాతీ తెరిచి టావీ వాల్వ్‌ను బయటికి లాగాలి. ఆ చట్రం అప్పటికి ధమని గోడకి అతుక్కుపోయి ఉంటుంది, అలా తీసిన ఆపరేషన్ల రికార్డుల్లో నెలలోపు చనిపోయినవాళ్ళు పదిమందిలో ఒకరికి పైనే. అరవై ఏళ్ళకి టావీ పెట్టించుకున్న మనిషి డెబ్బై రెండేళ్ళకి ఈ ఆపరేషన్ దాకా రావచ్చు, అదే అరవైకి సర్జరీ, డెబ్బై రెండుకి టావీ అయితే ప్రయాణం సులువు. నా మొత్తం వాదన ఇదే. ఎనభై రెండేళ్ళ మనిషికి ఈ రెండో ఆపరేషన్ ప్రశ్న రాకపోవచ్చు, అందుకే ఆయనకి టావీ మంచిది.

పక్క లీక్ ఎక్కువైతే బెలూన్‌తో ఇంకాస్త విప్పుతారు, లేదంటే సందులో చిన్న ప్లగ్ పెడతారు, అవి రెండూ కుదరకపోతే సర్జరీ. ఎర్రకణాలు పగిలే రకం లీక్‌కి ప్లగ్ సరిగ్గా కూర్చోకపోతే పరిస్థితి ఇంకా ముదరొచ్చు కాబట్టి ఇలాంటివి ఎక్కువ చేసిన చోటే చేయించాలి.

ఇన్ఫెక్షన్ మాత్రం ఏ వాల్వ్‌కైనా రావచ్చు, అన్నిటికంటే భయంకరమైంది ఇదే. మూడు రోజులకు మించి జ్వరం, చలి, ఆకలి చచ్చిపోవడం ఉంటే బ్లడ్ కల్చర్ తీయించాలి, అదీ యాంటీబయోటిక్ ఒక్క మాత్ర కూడా వేసుకోకముందే. మన దగ్గర జరిగేది దీనికి ఎదురు. షాపులో అడిగి అజిత్రోమైసిన్ మూడు రోజులు వేస్తారు, జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది, అప్పటికి కల్చర్‌లో క్రిమి దొరకదు, ఏ మందు ఇవ్వాలో డాక్టర్లకి అంతుపట్టదు. నిర్ధారణ అయితే ఆరు వారాల పాటు నరానికి యాంటీబయోటిక్, చీము పట్టినా వాల్వ్ కదిలినా సర్జరీ. పన్ను పీకించుకునే ముందు, పళ్ళు క్లీన్ చేయించే ముందు అరగంట నుంచి గంట ముందుగా అమోక్సిసిలిన్ రెండు గ్రాములు వేసుకోవాలి, పెన్సిలిన్ పడనివాళ్ళకి వేరే మందు ఇస్తారు. టావీ వాళ్ళకీ ఇది వర్తిస్తుంది, "నాకు ఆపరేషన్ కాలేదుగా, తొడ నుంచి పెట్టారుగా" అని డెంటిస్టుకి చెప్పకుండా ఊరుకోవద్దు.

డబ్బు సంగతి

ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, వాల్వ్ మార్పిడి సర్జరీకి ఉన్నాయి. టావీ ఖర్చు సర్జరీకి కొన్ని రెట్లు, పదిహేను లక్షలు దాటడం మామూలే, అందులో సింహభాగం వాల్వ్‌దే. మీ పథకంలో ఏ ప్యాకేజీ వర్తిస్తుందో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని రాతపూర్వకంగా తెలుసుకోండి, ఫోన్లో విన్న మాట నమ్మి అడ్మిట్ కావద్దు. దేశీయంగా తయారైనవి ఉన్నాయి. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ తయారుచేసిన లోహం వాల్వ్ 1990 నుంచి వాడుకలో ఉంది. గుజరాత్ వాపిలో తయారయ్యే మైవాల్ టావీ వాల్వ్‌లో మధ్య సైజులు కూడా దొరుకుతాయి, విదేశీ వాల్వ్‌లకి అది తీసిపోలేదని 2024లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. డబ్బు లేక సర్జరీ ఎంచుకున్నాం అని బాధపడేవాళ్ళు కనిపిస్తుంటారు. అరవై రెండేళ్ళ మనిషికైతే డబ్బున్నా నేను సర్జరీయే చెప్పేదాన్ని.

దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాలు

ఏ పద్ధతి అయినా నెల తర్వాత తీసే ఎకో రిపోర్టు బంగారంతో సమానం, లామినేషన్ చేయించినా తప్పులేదు. అందులో మీన్ గ్రేడియంట్ 11 అని ఉందనుకోండి, మూడేళ్ళ తర్వాత 14 వస్తే కంగారు లేదు. అదే పది పెరిగి 20 దాటితే గడ్డా, అరుగుదలా, ఇన్ఫెక్షనా తేల్చుకోవాలి. మొదటి రిపోర్టు లేకపోతే ఆ 22 అనేది కొత్తగా వచ్చిందో, చిన్న వాల్వ్ వల్ల మొదటి నుంచీ ఉన్నదో ఎవరూ చెప్పలేరు. వాల్వ్ కంపెనీ, సైజు, సీరియల్ నంబరు ఉన్న కార్డు ఇస్తారు, దాన్ని ఫోన్లో ఫోటో తీసి పిల్లలందరికీ పంపండి. ఏడాదికోసారి ఎకో.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకి వెళ్ళే అమ్మానాన్నలు బయల్దేరే ముందు ఎకో, ఐఎన్ఆర్ చేయించుకుని, మొత్తం ఆరు నెలల మందు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలో పెట్టుకోవాలి, చెక్ఇన్ సూట్‌కేసులో వద్దు. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు ముందే ఉన్న గుండె జబ్బుకి డబ్బివ్వవు. పాలసీ కొనే ముందు ఆ షరతు చదవండి, అక్కడ ఐఎన్ఆర్ ఎక్కడ చేయించాలో, ఎంతవుతుందో టికెట్ బుక్ చేయకముందే అబ్బాయినో అమ్మాయినో కనుక్కోమనండి.